పాటలో బతికున్న గవర్నరు

మెక్సికోలోని మెరిడా నగరంలో అడుగుపెట్టినవాళ్లకు మూడు చోట్ల ఒకే మనిషి ఎదురవుతాడు... ఒక పాటలో, ఒక గోడ దగ్గర, ఒక సమాధి మీద. ఆయన పాలించింది రెండేళ్లు కూడా కాదు. వందేళ్లు దాటినా ఆ ఊరు ఆయన్ని మరిచిపోలేదు.

గురువారం రాత్రి. యుకటాన్ రాష్ట్ర రాజధాని మెరిడాలో పగటి ఎండవేడి అప్పుడప్పుడే చల్లారుతుంటుంది. పాతబస్తీలోని శాంతా లూసియా పార్కులో వరసగా కుర్చీలు వేసి ఉంటాయి. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కర్ర పట్టుకుని నడిచే తాతలు, కెమెరాలు మెడలో వేసుకున్న విదేశీయులు... అందరూ సర్దుకుని కూర్చుంటారు. తెల్లటి దుస్తుల్లో గాయకులు గిటార్లు శ్రుతి చేసుకుంటారు. 1965 నుంచీ ప్రతి గురువారం ఇక్కడ జరిగే పాటకచేరీ ఇది. టికెట్టు లేదు. ఎవరైనా రావచ్చు.

నాలుగైదు పాటలయ్యాక ఓ పాట మొదలవుతుంది. అంతే! ముందు వరసలోని ముసలమ్మల పెదాలు వాటంతటవే కదులుతాయి. పాట పేరు 'పెరెగ్రినా'. అంటే దూరదేశం నుంచి వచ్చిన యాత్రికురాలు. ఉత్తరాది నుంచి వచ్చిన ఓ అందమైన అమ్మాయిని, మా ఊరు వదిలి వెళ్లాక మమ్మల్ని మరిచిపోకు అని బతిమాలే పాట. భాష తెలియనివాళ్లకు అదో తియ్యటి ప్రేమగీతం. కానీ మెరిడా వాళ్లకు తెలుసు... ఆ పాట రాయించిన ప్రేమికుడు తమ గవర్నరని. పాట పుట్టిన ఏడాది తిరగకముందే ఆయన్ని శ్మశానం గోడకు నిలబెట్టి కాల్చేశారని!

ఆయన పేరు ఫెలిపె కారియో ప్వెర్తో.

పచ్చబంగారం పండిన నేల

ఆయన కథ తెలియాలంటే ముందు ఓ మొక్క కథ తెలియాలి.

మన రైలు కట్టల పక్కన, పొలం గట్ల మీద కత్తుల్లాంటి మట్టలతో ఓ మొక్క కనిపిస్తుంది. కిత్తనార అంటాం. పశువులు రాకుండా కంచెలా పెంచుతాం, నార తీసి తాళ్లు పేనుతాం. ఆ జాతి మొక్కల పుట్టిల్లు మెక్సికోనే. వాటిలో యుకటాన్‌లో పెరిగే రకాన్ని 'హెనెకెన్' అంటారు. ఆ నారకు ప్రపంచం పెట్టుకున్న పేరు సిసల్. యుకటాన్ తీరంలోని సిసల్ అనే చిన్న రేవు నుంచి ఓడలకెక్కేది కాబట్టి ఆ పేరొచ్చింది.

యుకటాన్ నేల సున్నపురాయి. నాగలి దిగదు. పైకి కనిపించే నది ఒక్కటీ లేదు. వానచుక్క పడితే రాళ్ల సందుల్లోంచి భూగర్భంలోకి జారిపోతుంది. అక్కడక్కడా నేల కుంగి ఏర్పడిన గుండ్రటి నీటిగుండాలే దిక్కు. వాటిని 'సెనోటే'లంటారు. అలాంటి నేలలో హెనెకెన్ మాత్రం ఏపుగా పెరిగింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో గోధుమ కోసే యంత్రాలొచ్చాయి. కోసిన పంటను కట్టలు కట్టడానికి పురి కావాలి. ఓడలకు మోకులు కావాలి. ఇంకేముంది, యుకటాన్ నారకు గిరాకీ ఆకాశాన్నంటింది. జనం దాన్ని 'పచ్చబంగారం' అన్నారు.

ఆ బంగారం ఎటు పోయిందో చూడాలంటే మెరిడాలోని పసేయో దె మొంతెహో రోడ్డుకి వెళ్లాలి. చెట్ల నీడన విశాలమైన వీధి. రెండు పక్కలా పాలరాతి మెట్లు, చెక్కుడు స్తంభాలున్న మహల్స్. ఐరోపా నగరాలను చూసొచ్చిన ఎస్టేటు యజమానులు అదే నమూనాలో కట్టించుకున్నారు. ఓ మాజీ గవర్నరు కోసం కట్టిన కాంతోన్ ప్యాలెస్ ఇప్పుడు మ్యూజియం. వీటి మధ్య నడుస్తుంటే అప్పట్లో ఇది ఎంత డబ్బున్న ఊరో ఇట్టే అర్థమవుతుంది.

నాణేనికి రెండో వైపు ఎస్టేట్లలో ఉండేది. మట్టలు కోసే మాయా కూలీలకు యజమాని దుకాణంలోనే సరుకులు. అవి అప్పుగా ఖాతాలో పడేవి. పెళ్లికి అప్పు, జబ్బుకు అప్పు, చావుకు అప్పు. అప్పు తీరేదాకా ఎస్టేటు దాటకూడదు. తీరేది ఎప్పుడు? తండ్రి పోతే అప్పు కొడుకు మీదికొచ్చేది. పారిపోతే పట్టుకొచ్చి కొరడాతో కొట్టేవాళ్లు. ఉత్తరాన సొనోరా రాష్ట్రంలో తిరగబడ్డ యాకి తెగవాళ్లను కూడా రైళ్లలో, ఓడల్లో తెచ్చి ఈ తోటల్లో పడేశారు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ కెన్నెత్ టర్నర్ ఇక్కడికి పెట్టుబడిదారుగా నటిస్తూ వచ్చి, తాను చూసిన వెట్టిని లోకానికి చెప్పాడు. ఆయన పుస్తకం 'బార్బరస్ మెక్సికో' 1910లో వచ్చింది. ఆ ఏడాదే మెక్సికో విప్లవం మొదలైంది.

మోతుల్ కుర్రాడు

మెరిడాకు తూర్పున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో మోతుల్ ఉంది. చర్చి, సంత, నీడనిచ్చే చెట్లు, ఊరి మధ్యలోనే ఓ సెనోటే... చిన్న ఊరు. ఫెలిపె 1874 నవంబరు 8న ఇక్కడే పుట్టాడు. పద్నాలుగు మంది సంతానంలో ఒకడు. తండ్రి చిన్న వ్యాపారి. ధనవంతులు కాదు, కటిక పేదలూ కాదు. చుట్టూ ఉన్న మాయా పిల్లలతో ఆడుతూ ఫెలిపె వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆ భాషే తర్వాత ఆయన ఆస్తి అయింది.

పెద్ద చదువులేమీ లేవు. సరుకు బండి తోలాడు. రైల్లో కండక్టరుగా పనిచేశాడు. ఊళ్లో ఓ చిన్న పత్రిక నడిపాడు. ఎస్టేట్ల మధ్య తిరిగే ఉద్యోగాలవ్వడంతో లోపల జరిగేదంతా కళ్లారా చూశాడు. దేశ రాజ్యాంగాన్ని మాయా భాషలోకి మార్చి కూలీలకు చదివి వినిపించేవాడని చెబుతారు. 'మీకు హక్కులున్నాయి, ఇదిగో ఈ కాగితంలో రాసుంది' అని వాళ్ల భాషలోనే చెప్పాడు. యజమానులకు ఒళ్లు మండింది. ఫెలిపె జైలుకెళ్లడం, రావడం మామూలైపోయింది. 1911లో రాజకీయ ప్రత్యర్థి ఒకరు దాడికి దిగితే జరిగిన గొడవలో ఫెలిపె చేతిలో ఆ మనిషి చనిపోయాడు. ఆత్మరక్షణ కోసమే అన్నది ఆయన వాదన. అయినా రెండేళ్లు జైలు తప్పలేదు.

బయటికొచ్చాక మధ్య మెక్సికోలోని మొరేలోస్‌కు వెళ్లాడు. అక్కడ రైతు నాయకుడు ఎమిలియానో జపాటా 'దున్నేవాడిదే భూమి' అంటూ పోరాడుతున్నాడు. ఆయన దగ్గర భూముల పంపిణీ పనుల్లో పాల్గొన్నాడు ఫెలిపె. 1915లో యుకటాన్‌కు కొత్త గవర్నరుగా జనరల్ సాల్వదోర్ అల్వరాదో వచ్చాడు. అప్పుల వెట్టి నుంచి కూలీలను విడిపించే పని గట్టిగా మొదలుపెట్టాడు. 1916లో మెరిడాలోని నాటకశాలలో మహిళల సదస్సు పెట్టించాడు. సొంత గడ్డకు తిరిగొచ్చిన ఫెలిపె ఆ గాలిలో నాయకుడిగా ఎదిగాడు. ఊరూరా 'ప్రతిఘటన సంఘాలు' పెట్టించాడు. వేలమంది కూలీలు వాటిలో చేరారు. ఆ బలంతోనే సోషలిస్టు పార్టీ గెలిచింది.

మోతుల్‌లో ఆయన పేరిట ఓ చిన్న మ్యూజియం ఉంది. అది చూసి బయటికొస్తే సంత పైఅంతస్తులో కమ్మటి వాసన. మొక్కజొన్న రొట్టె మీద నల్ల చిక్కుళ్ల ముద్ద, దానిమీద వేయించిన గుడ్లు, టమోటా రసం, బఠాణీలు, పక్కన వేయించిన అరటిపండు ముక్కలు. దీన్ని 'మోతుల్ గుడ్లు' అంటారు. గవర్నరు అతిథులను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు ఓ వంటవాడు ఉన్నవన్నీ కలిపి ఈ వంటకం కనిపెట్టాడని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. నిజమెంతో గానీ రుచి మాత్రం నిజం!

తొలి మాట మాయాలో...

1922 ఫిబ్రవరి 1. మెరిడా నడిబొడ్డున ఉన్న పెద్ద చౌకు జనంతో కిటకిటలాడింది. తెల్ల బట్టలు, గడ్డి టోపీలతో పల్లెల నుంచి తరలివచ్చిన మాయా కూలీలు. కొత్త గవర్నరు ప్రసంగం మొదలుపెట్టాడు... స్పానిష్‌లో కాదు, మాయా భాషలో! మెరిడాను స్పెయిన్‌వాళ్లు కట్టింది 1542లో. మాయా పట్టణం తిహో గుళ్ల రాళ్లను పీకి చర్చికి, భవనాలకు పునాదులేశారు. ఆ రాళ్ల నీడలో దాదాపు 380 ఏళ్ల తర్వాత పాలకుడి నోట మాయా మాట వినబడింది. కూలీలకు ఆయన గవర్నరు కాదు. 'సుకూన్ ఫెలిపె' అని పిలిచేవాళ్లు. మాయా భాషలో సుకూన్ అంటే అన్న.

ఆ తర్వాత ఇరవై మూడు నెలలూ పరుగే. గురువారాలను భూముల పంపిణీకి కేటాయించాడు. ఆ రోజున పల్లెకు వెళ్లి, జనం మధ్య నిలబడి, ఊరుమ్మడి భూముల పత్రాలు చేతికిచ్చేవాడు. 'రైతు గురువారాలు' అని వాటికి పేరు. సోమవారాల్లో సంఘాల కార్యాలయాల్లో ఉపన్యాసాలు, పాటలు, నాటికలు, చదువు. అవి 'ఎర్ర సోమవారాలు'. 1922లో ఆయన స్థాపించిన విశ్వవిద్యాలయమే నేటి యుకటాన్ విశ్వవిద్యాలయానికి మూలం. మాయా కట్టడాల విలువ మాయా వాళ్లకే తెలియాలని చిచెన్ ఇట్జా శిథిలాల దాకా రోడ్డు వేయించాడు. 1923లో అది తెరుచుకుంది. ఇవాళ ఏటా లక్షలాది యాత్రికులు వెళ్లే చోటికి అప్పటిదాకా అడవిదారే గతి.

ఆడవాళ్ల విషయంలోనూ ఆయన కాలానికి మించి నడిచాడు. చెల్లెలు ఎల్వియా అప్పటికే ఊరూరా మహిళా సంఘాలు పెడుతోంది. ఆమెతో పాటు మరో ఇద్దరు మహిళలు, బెయాత్రీస్ పెనీచె, రాకెల్ జీబ్, 1923లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. మెక్సికోలో అదే తొలిసారి. దేశమంతటా మహిళలకు ఓటుహక్కు రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లు పట్టింది. సంతాన నియంత్రణ గురించి అమెరికన్ ఉద్యమకారిణి మార్గరెట్ సాంగర్ రాసిన కరపత్రాన్ని మెరిడాలో అచ్చువేసి పంచితే పెద్ద గొడవే జరిగింది.

అలాగని ఆయన మచ్చలేని దేవుడేం కాదు. అన్నదమ్ములకు కీలకమైన పదవులు దక్కాయి. పల్లెల్లో సంఘాల పేరు చెప్పి ప్రత్యర్థులను బెదిరించిన నాయకులూ ఉన్నారు. ఎస్టేటు యజమానులైతే ఆయన్ని 'ఎర్ర డ్రాగన్' అని తిట్టుకునేవాళ్లు. ఈ లోపు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నార ధర పడిపోయింది. ఖజానాలో డబ్బుల్లేవు. పంచే భూమికి, పెంచే కూలికి అడ్డంగా ఆ నారే నిలబడింది. రాష్ట్రం బతకాలంటే నార కావాలి. నార తోటలేమో శత్రువుల చేతుల్లో ఉన్నాయి. అందుకే ఆయన పంచిన భూముల్లో ఎక్కువ భాగం తోటలు కావు, వాటి చుట్టూ ఉన్న నేలలు. 1923 చివర్లో, వదిలేసిన ఎస్టేట్లనూ స్వాధీనం చేసుకుంటామంటూ ఉత్తర్వు తెచ్చాడు. యజమానుల గుండెల్లో రైళ్లు పరుగెత్తాయి.

వాన వెలిసిన సాయంత్రం

1923 ఫిబ్రవరి. చిచెన్ ఇట్జాలో తవ్వకాల కోసం అమెరికాలోని కార్నెగీ సంస్థ నుంచి పురావస్తు నిపుణుల బృందం మెరిడా వచ్చింది. వాళ్ల వెంట వార్తలు రాయడానికి ఓ పాత్రికేయురాలూ వచ్చింది. పేరు ఆల్మా రీడ్. ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. మెక్సికోలో ఆమె పేరు అప్పటికే తెలుసు. కాలిఫోర్నియాలో ఉరిశిక్ష పడిన ఓ మెక్సికన్ కుర్రాడి తరఫున పత్రికలో పట్టుబట్టి రాసి, అతడి ప్రాణం నిలబెట్టింది ఆమే.

మెరిడాలో ఆమె చేతికి పెద్ద వార్తే చిక్కింది. చిచెన్ ఇట్జాలోని పవిత్ర సెనోటేను ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ అంతకు కొన్నేళ్ల ముందు తోడించాడు. పచ్చరాళ్లు, బంగారు బిళ్లలు, ఎముకలు... దొరికినవాటిని చాటుగా అమెరికాలోని హార్వర్డ్ మ్యూజియానికి చేరవేశాడు. ఆ సంగతి అతడి నోటితోనే చెప్పించి, న్యూయార్క్ టైమ్స్‌లో బయటపెట్టింది ఆల్మా. వాటిలో కొన్ని దశాబ్దాల తర్వాత మెక్సికోకు తిరిగొచ్చాయి.

గవర్నరును ఇంటర్వ్యూ చేయడానికి వెళ్లిన ఆల్మా, ఆయన మాటలకు ముగ్ధురాలైంది. ఆయన పరిస్థితీ అంతే. అప్పటికి ఆయన వయసు నలభై ఎనిమిది. పెళ్లయి పాతికేళ్లు. పెద్ద పిల్లలున్నారు. భార్య ఇసబెల్‌తో కలిసి ఉండటం లేదు. భార్యాభర్తల్లో ఒకరు కోరినా విడాకులివ్వొచ్చన్న చట్టం 1923లోనే యుకటాన్‌లో వచ్చింది. గవర్నరు కూడా దాన్నే వాడుకుని విడాకులు తీసుకున్నాడు. సొంతానికే చట్టం చేసుకున్నాడని శత్రువులు ఎద్దేవా చేశారు. మిత్రులకూ దీనికి సమాధానం చెప్పడం కష్టమైంది.

పాట పుట్టుక గురించి మెరిడాలో ఓ ముచ్చట చెబుతారు. ఓ సాయంత్రం ఫెలిపె, ఆల్మా, కవి లూయిస్ రొసాదో వేగా కారులో వెళ్తున్నారట. అప్పుడే వాన వెలిసింది. తడిసిన మట్టి, పూల వాసన కలిసి గుప్పుమంది. 'ఎంత బాగుందీ వాసన!' అంది ఆల్మా. 'మీరు ఈ దారిన వెళ్తున్నారు కదా, అందుకే' అన్నాడు కవి. 'ఈ మాటనే పాటగా రాసిపెట్టండి' అన్నాడట గవర్నరు. కవి రాశాడు. రికార్దో పల్మెరిన్ బాణీ కట్టాడు. మట్టివాసనకు మనసు కరగని మనిషి ఏ దేశంలోనూ ఉండడేమో!

1924 జనవరి 14న పెళ్లి అనుకున్నారు. దుస్తులు కుట్టించుకోవడానికి ఆల్మా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది.

పడవ దొరకలేదు

1923 డిసెంబరులో మెక్సికోలో మళ్లీ మంటలు లేచాయి. అధ్యక్షుడు ఒబ్రెగోన్ మీద మాజీ ఆర్థికమంత్రి అదోల్ఫో దె లా వెర్తా తిరగబడ్డాడు. సైన్యంలో సగం ఆయన వైపు వెళ్లింది. మెరిడాలోని దళం కూడా ప్లేటు ఫిరాయించింది. గవర్నరు వెనక వేలమంది సంఘం సభ్యులున్నారు. కానీ వాళ్ల చేతుల్లో ఉన్నవి మట్టలు కోసే కత్తులు. కొందరి దగ్గర వేట తుపాకులు. ఆయుధాలు పంపమని కేంద్రాన్ని అడిగినా రాలేదు. అలాంటి మనుషుల్ని మరతుపాకుల ముందుకు పంపడానికి ఫెలిపెకు మనసొప్పలేదు. డిసెంబరు 12న కొద్దిమంది అనుచరులతో రైల్లో తూర్పుకు బయల్దేరాడు. తీరం చేరి, పడవలో దాటి, ఆయుధాలు తెచ్చుకోవాలన్నది ఆలోచన.

సముద్రం దాటించే పడవ దక్కలేదు. మడ అడవుల్లో, ఇసుకలో తిరిగి తిరిగి అలసిపోయారు. డిసెంబరు 21న హోల్‌బోష్ దీవి ప్రాంతంలో దొరికిపోయారు. మెరిడా జైలుకు తెచ్చారు. సైనిక న్యాయస్థానం కొన్ని గంటల్లో విచారణ ముగించింది. తాను ప్రజలెన్నుకున్న గవర్నర్నని, తనను విచారించే అధికారం సైనికులకు లేదని ఆయన చెప్పిన మాట ఎవరూ వినలేదు. విడిపించుకోవడానికి డబ్బు బేరాలు నడిచాయని, చంపేయడానికి ఎస్టేటు యజమానులు అంతకంటే ఎక్కువిచ్చారని అప్పట్నుంచీ ఓ అనుమానం ఉంది. తేల్చినవాళ్లు లేరు.

1924 జనవరి 3. తెల్లవారుజాము. మెరిడా శ్మశానం గోడ ముందు పదమూడు మందిని నిలబెట్టారు. ఫెలిపె, ఆయన తమ్ముళ్లు ఎదేసియో, బెన్హమిన్, విల్‌ఫ్రీదో, అనుచరులు. ఒకే తల్లి కన్న నలుగురు కొడుకులు ఒకే గోడ దగ్గర నేలకొరిగారు. 'నా మాయావాళ్లను వదిలేయకండి' అన్నవే ఆయన చివరి మాటలని జనం నమ్మకం. ఆ వార్త శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరేసరికి అక్కడ పెళ్లి దుస్తులు సిద్ధమవుతున్నాయి.

గోడ పక్కన రెండు సమాధులు

మెరిడా శ్మశానం నగరానికి దక్షిణాన ఉంది. రంగురంగుల సమాధులు, పాలరాతి దేవదూతలు, మధ్యమధ్య చెట్లు. కొంచెం లోపలికి నడిస్తే సోషలిస్టు నాయకుల సమాధుల ప్రాంగణం వస్తుంది. ఫెలిపె అక్కడే ఉన్నాడు. కాల్చిన చోటి గోడనూ స్మారకంగా కాపాడుతున్నారు. దారికి అవతల, ఆయన సమాధికి దగ్గర్లోనే మరో చిన్న సమాధి. అది ఆల్మా రీడ్‌ది.

ఆల్మా ఆ తర్వాత న్యూయార్క్‌లో చిత్రశాల నడిపింది. హోసె క్లెమెంతె ఒరోస్కో లాంటి మెక్సికన్ చిత్రకారుడిని అమెరికాకు పరిచయం చేసింది. చివరికి మెక్సికో నగరానికే వచ్చి స్థిరపడింది. 1961లో మెక్సికో ప్రభుత్వం ఆమెను అజ్టెక్ గద్ద పురస్కారంతో సత్కరించింది. 1966 నవంబరులో కన్నుమూసింది. అస్థికలను మెరిడా తెచ్చి ఇక్కడ ఉంచారు. పెళ్లి కోసం వెళ్లిన మనిషి నలభై రెండేళ్ల తర్వాత ఇలా తిరిగొచ్చింది. ఆమె రాసుకున్న ఆత్మకథ మెక్సికో నగరంలోని ఓ ఫ్లాట్‌లో 2001లో బయటపడింది. 2007లో పుస్తకంగా వచ్చింది. దాని పేరు కూడా 'పెరెగ్రినా'నే.

మరి ఆయన చేసిన పనులు? తిరుగుబాటు కొద్ది నెలల్లోనే అణిగిపోయింది. కానీ మహిళా శాసనసభ్యులు పదవులు పోగొట్టుకున్నారు. ఎల్వియా ప్రాణభయంతో రాష్ట్రం వదిలింది. అన్న ముట్టుకోలేకపోయిన నార తోటలను 1937లో అధ్యక్షుడు లాజరో కార్దెనాస్ కూలీలకు పంచాడు. అప్పటికే ఇతర దేశాలూ సిసల్ పండిస్తున్నాయి. తర్వాత నైలాన్ వచ్చి పచ్చబంగారాన్ని మసిచేసింది. భూమి చేతికొచ్చింది, ధర చెయ్యి జారిపోయింది.

ఇవాళ ఆ ఎస్టేట్లలో కొన్ని హోటళ్లయ్యాయి. కొన్ని పాడుబడి, పొగగొట్టాల మీద మర్రి ఊడలు దిగాయి. మెరిడాకు దక్షిణాన సోతూతా దె పెయోన్ అనే ఎస్టేటులో మాత్రం పాతరోజుల్లో నార ఎలా తీసేవారో ఇంకా చూపిస్తారు. కంచరగాడిద లాగే చిన్న పట్టాల బండిలో తోటలోకి తీసుకెళ్తారు. యంత్రంలో మట్ట పడి, పచ్చటి గుజ్జు రాలి, తెల్లటి నార బయటికొస్తుంటే పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తారు. ఆ నారలో ఎంతమంది చెమట ఉందో పెద్దవాళ్లకు తెలుసు.

నగరం నడిబొడ్డునున్న ప్రభుత్వ భవనంలోకి ఎవరైనా వెళ్లొచ్చు. గోడల నిండా ఫెర్నాందో కాస్ట్రో పచేకో గీసిన పెద్ద పెద్ద చిత్రాలు. మాయా పురాణాలు, వెట్టి, విప్లవం... వాటి మధ్య ఫెలిపె కూడా కనిపిస్తాడు. ఆయన పేరు ఇంకా చాలాచోట్ల ఉంది. పక్కనున్న కింతానా రో రాష్ట్రంలో, మాయావాళ్లు యాభై ఏళ్లకు పైగా స్పానిష్ వారసులతో పోరాడిన కేంద్రం ఒకటుంది. ఆ పట్టణానికి ఆయన పేరే పెట్టారు. 2023 డిసెంబరులో మొదలైన తులుమ్ విమానాశ్రయానికీ అదే పేరు. ఆయన చనిపోయి వందేళ్లయిన 2024ను మెక్సికో ప్రభుత్వం ఫెలిపె కారియో ప్వెర్తో సంవత్సరంగా ప్రకటించింది.

మెరిడా వెళ్లాలంటే మెక్సికో నగరం నుంచి విమానంలో సుమారు రెండు గంటలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు మండిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. చిచెన్ ఇట్జా అక్కడి నుంచి 120 కిలోమీటర్లు. చాలామంది పిరమిడ్ చూసి, ఫొటోలు దిగి, అదే రోజు వెళ్లిపోతారు. వీలైతే ఓ గురువారం రాత్రి మాత్రం మెరిడాలోనే ఉండాలి.

ఒకప్పుడు గురువారమంటే ఆ పల్లెల్లో గవర్నరు భూమి పత్రాలు తెచ్చే రోజు. ఇప్పుడు గురువారమంటే శాంతా లూసియా పార్కులో పాటల రోజు. కచేరీ ముగిశాక కుర్చీలు మడతపెడుతుంటారు. పిల్లలు తల్లుల భుజాల మీద నిద్రపోతుంటారు. ఇంటిదారి పట్టిన ఏ ముసలమ్మో ఆ పాటే కూనిరాగం తీస్తుంది... మా నేలను మరిచిపోకు అని.

పరదేశం నుంచి వచ్చిన ఆ అమ్మాయి మరిచిపోలేదు. మెరిడా కూడా మరిచిపోలేదు.